మా వార్డు ప్లానింగ్ సెక్రటరీ సర్వీసుకి నా రివ్యూ: ఐదుకి మూడున్నర

హోటళ్లకీ మొబైళ్లకీ రివ్యూలు రాస్తాం గదా, ఈసారి ఒక ప్రభుత్వ ఉద్యోగానికి రాస్తున్నాను. మనిషికి కాదు, ఆ ఉద్యోగం వల్ల నాకు అందిన సర్వీసుకి. వార్డు సచివాలయంలో కూర్చునే వార్డు ప్లానింగ్ అండ్ రెగ్యులేషన్ సెక్రటరీ అన్నమాట. అంత పొడుగు పేరు ఎవరూ అనరు, ప్లానింగ్ సార్ అంటారు, మేస్త్రీలయితే ప్లాను అబ్బాయి అంటారు. "రేపు ప్లానింగ్ సెక్రటరీని కలవాలమ్మా" అని నేను మొదటిసారి అన్నప్పుడు మా అమ్మ "ఈ వయసులో నాకు ప్లానింగ్ ఏందిరా" అంది. ఆమెకి ప్లానింగ్ అంటే ఆ ఆపరేషన్ ఒక్కటే తెలుసు. ఆమెదాకా ఎందుకు, ఇల్లు కట్టేదాకా నాకూ ఆ పోస్టు ఒకటి ఉందని తెలియదు, సచివాలయం అంటే పింఛనూ ఆధారూ కుల సర్టిఫికెట్టూ అనుకునేవాణ్ని.

నా సంగతి చెప్తాను. నెల్లూరులో ఒక ప్రైవేటు కాలేజీలో లెక్కలు చెప్తాను. మా నాన్న తొంభైల్లో జిల్లాలోనే ఒక చిన్న మున్సిపాలిటీలో పాతిక అంకణాల ప్లాటు కొనిపెట్టి పోయాడు. ఊరి పేరు రాయను, రాస్తే ఈ కథలో అబ్బాయి ఎవరో ఆ ఊళ్లో టీ కొట్టు దగ్గర కూర్చున్నవాళ్లు కూడా చెప్పేస్తారు. నెల్లూరు వాళ్లు కానివాళ్ల కోసం ఒక మాట, మా దగ్గర అంకణం అంటే 72 చదరపు అడుగులు, అంటే ఎనిమిది గజాలు, సెంటుకి ఆరు అంకణాలు అని లెక్కేసుకుంటాం. వేరే జిల్లాల్లో కొలత వేరు, అక్కడి లెక్క ఇక్కడికి తేవొద్దు. మా ప్లాటు 30 అడుగుల వెడల్పు, 60 అడుగుల లోతు, మొత్తం 1800 అడుగులు, పాతిక అంకణాలు. కాగితం మీద అంతా చక్కగా ఉంది.

ప్లాను కోసం ఒక ఎల్‌టీపీ ఆఫీసుకి వెళ్లాను. ఎల్‌టీపీ అంటే లైసెన్స్ ఉన్న టెక్నికల్ మనిషి, ప్లాను గీసి ఆన్‌లైన్‌లో పెట్టేది వాళ్లే. ఏసీ గది, గోడ మీద పెద్ద పెద్ద అపార్ట్‌మెంట్ల బొమ్మలు, టేబుల్ మీద ఫిల్టర్ కాఫీ. డాక్యుమెంటు జిరాక్స్ తీసుకుని, తూర్పు ముఖమా పడమర ముఖమా, పూజ గది ఈశాన్యంలోనే గదా అని అడిగి, వారంలో ప్లాను చేతిలో పెట్టారు. సైటుకి ఒక్కసారి కూడా రాలేదు. నేను అడిగితే "ఇప్పుడు అంతా సెల్ఫ్ సర్టిఫికేషన్ సార్, చిన్న ఇళ్లకి ఫీజు కట్టగానే పర్మిషన్ వచ్చేస్తుంది, ఎవరి చుట్టూ తిరగబళ్లా" అన్నారు. ఆ మాట అబద్ధం కాదు. ఐదంతస్తుల లోపు కట్టడాలకి పర్మిషన్లు తేలిక చేశారు, మున్సిపల్ మంత్రి మన నెల్లూరు సిటీ ఎమ్మెల్యే నారాయణ గారే గాబట్టి ఇక్కడ పేపర్లలో దాని గురించి ఇంకొంచెం ఎక్కువే వచ్చింది. కానీ తేలిక చేసింది పర్మిషన్ ఇవ్వడాన్ని, రూల్సుని కాదు. తనిఖీ పోలేదు, పర్మిషన్‌కి ముందుండేది తర్వాతకి వెళ్లింది, అంతే. ఈ తేడా నాకు ఆ ఏసీ గదిలో ఎవరూ చెప్పలేదు.

చెప్పింది మా మేస్త్రీ. "అన్నా, ముగ్గు పోయక ముందు ఒకసారి సచివాలయంలో ప్లాను అబ్బాయికి చూపించు, పోయినేడు పక్క వీధిలో పిల్లర్లు లేచినాక వచ్చి ఆపినారు" అన్నాడు. వెళ్లాను, అదే ఈ మొత్తం వ్యవహారంలో నేను చేసిన తెలివైన పని, అది కూడా నా తెలివి కాదు.

సచివాలయం అంటే పాత మున్సిపల్ స్కూల్లో రెండు గదులు. ఒకే హాల్లో అందరూ, బోర్డు మీద పోస్టుల పేర్లు వరసగా, అడ్మిన్, ఎమినిటీస్, శానిటేషన్, వెల్ఫేర్ అని. ప్లానింగ్ కుర్చీ ఖాళీ. మధ్యాహ్నం మూడు తర్వాత రమ్మన్నారు, మూడుకి వెళ్తే నాలుగుకి వచ్చాడు, చెమటతో, హెల్మెట్ చేతిలో పట్టుకుని. ముప్పై దాటని కుర్రాడు, మెట్ట ప్రాంతం నుంచి వచ్చినవాడు, మాట వింటేనే తెలుస్తుంది. ప్లాను టేబుల్ మీద పరిచి పావు నిమిషం చూసి మొదట అడిగిన ప్రశ్న బెడ్‌రూముల గురించి కాదు, మెట్ల గురించి కాదు. "వీధి ఎంతుంది సార్?" అన్నాడు. ప్లానులో 30 అడుగుల రోడ్డు అని ఉంది గదా అన్నాను. "ప్లానులో ఉంది సార్, వీధిలో ఎంతుంది?"

నాకు తెలియదు. నాన్న కొన్న ప్లాటు, ఏడాదికోసారి కంప చెట్లు కొట్టించడానికి వెళ్తాను, వీధి ఎంతుందో ఎప్పుడూ చూడలేదు.

మర్నాడు పొద్దున ఏడింటికే టేపు తీసుకుని వచ్చాడు, ఆఫీసు టైముకి ముందు. అమ్మ కూడా ఉంది, ఊరికే చూస్తూ నిలబడింది గదా అని టేపు కొస ఆమె చేతికి ఇచ్చి "అమ్మా, అట్నే కాలవ అంచు దగ్గర పట్టుకోండి, వంగొద్దు, కాలు కింద తొక్కి పెట్టండి చాలు" అన్నాడు. అమ్మ చెప్పు కింద టేపు, ఇవతల గోడ దగ్గర అతను. 18 అడుగులు. మళ్లీ పది గజాలు ముందుకెళ్లి కొలిచాడు, 18 అడుగుల రెండు అంగుళాలు. అమ్మకి ఆ పని బాగా నచ్చింది, ఇంకోసారి కొలుద్దామా నాయనా అని అడిగింది.

ఆ తర్వాత జరిగింది నేను కాలేజీలో పిల్లలకి కూడా చెప్పాను. ఏదో పాత ఫారం వెనక వైపు పెన్నుతో ఒక గీత గీశాడు, అది వీధి మధ్య గీత. ఆ వీధి చివర కాలవ గట్టు రోడ్డుకి కలుస్తుంది గాబట్టి మాస్టర్ ప్లాన్‌లో దాన్ని 30 అడుగుల రోడ్డుగా చూపించారు. 30 అంటే మధ్య గీత నుంచి అటు 15, ఇటు 15. ఇప్పుడున్నది 18, అంటే అటు 9, ఇటు 9. మా వైపు ఇంకా ఆరు అడుగులు రోడ్డుకి వదలాలి. ముప్పై అడుగుల వెడల్పు మీద ఆరు అడుగులంటే 180 చదరపు అడుగులు. "రెండున్నర అంకణాలు పోతాయి సార్" అన్నాడు, రోజూ పిల్లల్ని యూనిట్లు సరిగా మార్చలేదని తిట్టే నేను ఇంకా నోట్లో లెక్కేసుకుంటూనే ఉన్నాను.

అక్కడితో అయిపోలేదు. సెట్‌బ్యాక్, అంటే హద్దుకీ ఇంటి గోడకీ మధ్య వదలాల్సిన ఖాళీ, ఆ ఆరు అడుగులు వదిలిన తర్వాత మొదలవుతుంది. మా సైజు ప్లాటుకి ముందు మీటరున్నర, మిగతా మూడు వైపులా ఒక్కో మీటరు అన్నాడు. అంటే ఇప్పుడున్న హద్దు నుంచి ఇంటి ముందు గోడ దాదాపు పదకొండు అడుగులు లోపలికి వెళ్లాలి. ఎల్‌టీపీ గీసిన ప్లానులో ఐదు అడుగులే వదిలారు, ఎందుకంటే వాళ్ల కాగితం మీద రోడ్డు అప్పటికే 30 అడుగులు ఉంది. ఆ ప్లాను అట్నే ఆన్‌లైన్‌లో పెడితే కంప్యూటరు ఏమీ అనదు, దానికి వీధి కనపడదు గదా, ఫీజు కట్టగానే పర్మిషన్ వచ్చేది. తర్వాత తనిఖీకి ఇదే కుర్రాడు ఇదే టేపుతో వచ్చి ఉంటే? అప్పటికి పునాది, పిల్లర్లు, బహుశా శ్లాబు. పక్క వీధిలో ఆగిపోయిన ఇల్లు చూశాను, పిల్లర్ల ఊచలు ఆకాశంలోకి తుప్పు పట్టి నిలబడి ఉన్నాయి.

నేను ఈ సర్వీసుకి ఇచ్చే మార్కుల్లో సగం ఆ ఒక్క పొద్దుటి గంటకే.

కోపం రాలేదా అంటే వచ్చింది. రెండున్నర అంకణాలంటే ఇవాళ రేటుకి చిన్న మొత్తం కాదు, నెల్లూరు జిల్లాలో అంకణం ధర విని నిద్రపట్టనివాళ్లు చాలామంది. అతను దానికి కూడా కుర్చీలో కూర్చుని ఓపిగ్గా చెప్పాడు, రోడ్డుకి వదిలిన స్థలానికి బదులుగా సెట్‌బ్యాక్‌లో కొంత సడలింపు అడగొచ్చు, లేదంటే టీడీఆర్ బాండుకి, అంటే పోయిన స్థలానికి బదులు వేరేచోట అదనంగా కట్టుకునే హక్కు కాగితానికి, పెట్టుకోవచ్చు అని. "ఇంత చిన్న బిట్టుకి టీడీఆర్ చుట్టూ మీరు తిరగలేరు సార్, సడలింపు అడగండి" అని తన అభిప్రాయం కూడా చెప్పాడు. అది రూల్సు పుస్తకంలో ఉండే మాట కాదు, మనిషి చెప్పే మాట. రూల్సు పుస్తకం అంటే 2017 నాటి ఆంధ్రప్రదేశ్ బిల్డింగ్ రూల్సు, జీవో 119 అంటారు, దాని ప్రింటు తీసి బైండింగ్ చేయించుకుని డ్రాయర్లో పెట్టుకున్నాడు, మూలలు మడిచి, టీ మరకలతో. మా కాలేజీలో సిలబస్ పుస్తకం అంత నలిగి ఉండగా నేను చూడలేదు.

ఇంకోటి కూడా చెప్పాడు, అడక్కుండా. ప్లింత్ ఎత్తు, అంటే రోడ్డు మీద నుంచి ఇంటి నేల ఎంత పైకి ఉండాలో. మేము రోడ్డు మీద నుంచి రెండు అడుగులు అనుకున్నాం. "రోడ్డు మీద రోడ్డు వేసుకుంటా పోతారు సార్, పదేళ్లకి మీ గుమ్మం రోడ్డు కిందకి వస్తుంది" అన్నాడు. ఆ వీధి చివర కాలవ ఉంది గదా, 2021 నవంబరులో పెన్నా పొంగి పడుగుపాడు దగ్గర హైవే కోసుకుపోయి రైలు పట్టాలు కొట్టుకుపోయినప్పుడు ఆ వీధిలో నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో ఎదురింటివాళ్ల గోడ మీద చారిక చూపించాడు. మూడున్నర అడుగులు లేపాం. మట్టి ఖర్చు పెరిగింది, అమ్మకి మెట్లు రెండు ఎక్కువయ్యాయి, ఆమె ఇప్పటికీ మోకాళ్లు పట్టుకుని అతన్ని తిడుతుంది, ప్రేమగానే.

ఇక ఈ ఉద్యోగం గురించి. ప్లానర్ అనగానే పెద్ద మ్యాపు ముందు నిలబడి ఊరు ఎటు పెరగాలో చెప్పేవాడు అనుకుంటాం. విజయవాడలో స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ ఉంది, అక్కడ ప్లానింగ్ డిగ్రీ చదివే పిల్లలు అట్లాంటి కలలతోనే చేరతారు, మా కొలీగ్ కూతురు కూడా ఒకతి. కింది మెట్టు మీద మాత్రం ప్లానర్ అంటే టేపు, బైకు, ఫోన్లో కెమెరా. 2019లో ఒకేసారి లక్షా ఇరవై ఆరు వేల పైచిలుకు సచివాలయం పోస్టులు వేశారు గుర్తుందా, సెప్టెంబరులో పరీక్షలు, అక్టోబరు 2న సచివాలయాలు మొదలు, అందులో పట్టణాలకి ఈ ప్లానింగ్ పోస్టు ఇచ్చారు. సివిల్ డిప్లొమా ఉన్నా చాలు, ఇంజనీరింగో ఆర్కిటెక్చరో ప్లానింగో చదివినవాళ్లూ రాసుకోవచ్చు. మొదట్లో నెలకి పదిహేను వేలు, రెండేళ్లు ప్రొబేషన్ అన్నారు, అది 2022 దాకా సాగింది, ఆ తర్వాతే స్కేలు. మన కుర్రాడు ఆ బ్యాచే. "అన్నా, అప్పుడు రూము అద్దె, బండి పెట్రోలు పోను ఇంటికి పంపేది ఉండేది కాదు" అన్నాడు ఒకరోజు, అప్పటికి సార్ నుంచి అన్నలోకి వచ్చేశాడు.

అతని మీద టీపీబీవో, అంటే టౌన్ ప్లానింగ్ అండ్ బిల్డింగ్ ఓవర్సీరు, ఆయన మీద టౌన్ ప్లానింగ్ సూపర్‌వైజరు, ఆ పైన టౌన్ ప్లానింగ్ ఆఫీసరు, చివర కమిషనరు. కార్పొరేషన్‌లో అయితే అసిస్టెంట్ సిటీ ప్లానర్, డిప్యూటీ సిటీ ప్లానర్, సిటీ ప్లానర్ అని ఇంకా మెట్లు. నాకు అర్థమైనంతలో ఈ కింది మెట్టు మీద ఉన్నవాడికి వీధి మొత్తం తెలుసు, ఏ ఇంటికి ప్లాను ఉంది, ఎవరు కాలవ మీదికి ర్యాంపు వేశారు, ఎవరు మూడో అంతస్తు రాత్రిపూట లేపుతున్నారు, ఏ హోర్డింగుకి పర్మిషన్ లేదు, అంతా తెలుసు. సంతకం మాత్రం అతనిది కాదు. రిపోర్టు అతని లాగిన్‌లోంచి పైకి పోతుంది, నిర్ణయం పైనుంచి కిందికి వస్తుంది, తిట్లు మాత్రం వీధిలో నిలబడి తినేది అతనే. నేను సైటులో ఉండగానే ఒకాయన బండి ఆపి "మా ర్యాంపు కొట్టించింది నువ్వే గదరా" అని మొదలుపెట్టాడు. ఈ అబ్బాయి ఏమీ అనలేదు, టేపు చుట్టుకుంటూ నిలబడ్డాడు. ఆయన వెళ్లాక "ఆ ర్యాంపు కింద కాలవ పూడికకి పైన నాలుగిళ్లలోకి మురుగు వచ్చేది అన్నా, ఆ నాలుగిళ్లవాళ్లు మాత్రం ఒక్కరూ థ్యాంక్స్ చెప్పలేదు" అన్నాడు.

ఒకటో తారీకున వెళ్లి వెతక్కండి. పింఛన్లు ఇంటింటికీ పంచే పని 2024 జులై నుంచి సచివాలయం స్టాఫుదే, ప్లానింగ్ అయినా శానిటేషన్ అయినా ఆ రోజు అందరూ నాలుగువేల కట్టలు పట్టుకుని ముసలివాళ్ల వేలిముద్రలు వేయించుకుంటూ ఉంటారు. నేను మొదటిసారి మూడుకి రమ్మంటే నాలుగుదాకా కూర్చున్నానే, ఆ రోజు ఏదో ఇంటింటి సర్వే. ఓటర్ల లిస్టు పని వస్తే అది. నాకు ఇక్కడే మండింది. టేపు పట్టుకోవాల్సినవాణ్ని సర్వేలకి తిప్పితే వీధి ఎవరు కొలుస్తారు? పిల్లర్లు లేచినాక వచ్చి ఆపారు అని జనం తిడతారే, లేవక ముందు రావడానికి అతనికి ఖాళీ ఎక్కడిది. ఒక వార్డులో రోజూ ఎన్నో చోట్ల ముగ్గు పోస్తుంటారు, ఉన్నది ఒక్కడు.

ఇక మార్కులు ఎందుకు తగ్గించానో కూడా రాయాలి, లేకపోతే బంధువు అనుకుంటారు.

ఫోన్ ఎత్తడు. పదిసార్లు చేస్తే ఒకసారి. వాట్సాప్‌లో పెడితే మాత్రం రాత్రి పదకొండుకైనా జవాబు వస్తుంది, ఈ సంగతి తెలియడానికి నాకు నెల పట్టింది. రెండోది, ఓపెన్ స్పేస్ చార్జీ సంగతి మొదటి రోజే చెప్పలేదు. మా నాన్న కొన్నది అప్రూవల్ లేని పాత లేఅవుట్, అట్లాంటి ప్లాటులో ఇల్లు కట్టాలంటే భూమి విలువలో ఇంత శాతం అని ఓపెన్ స్పేస్ చార్జీ కట్టాలి, పార్కుకి స్థలం వదలకుండా అమ్మేసుకున్న వాడు డబ్బు తీసుకుని వెళ్లిపోయాడు, ఆ పార్కు డబ్బు ఇప్పుడు మనం కట్టడం. న్యాయమే అనుకోండి, కానీ ఆ అంకె నాకు బ్యాంకు లోను శాంక్షను అయ్యాక తెలిసింది. అడిగితే "ఎల్‌టీపీ చెప్పే ఉంటారనుకున్నా" అన్నాడు. ఎల్‌టీపీని అడిగితే "సచివాలయంలో చెప్పలేదా సార్" అన్నారు. ఇద్దరి మధ్యలో నేను ఖాళీ స్థలం పన్ను బకాయి కూడా ఉందని కనుక్కున్నాను, నాన్న పోయినప్పటి నుంచి ఎవరూ కట్టలేదు, అది మాత్రం నా తప్పే.

మూడోది అతని తప్పు కాదు గానీ సర్వీసుకి తగిలే దెబ్బ. పని మధ్యలో బదిలీలు వచ్చాయి. పునాది అయింది, ప్లింత్ దగ్గర తనిఖీకి పిలుద్దామంటే కుర్చీలో ఒక అమ్మాయి ఉంది. కొత్త. మంచిదే, కానీ మొదటి నుంచీ మొదలు. వీధి ఎంత, మాస్టర్ ప్లాన్‌లో ఎంత, పాత ఫైలు ఎక్కడ. ఆ కుర్రాడు గీసిన ఫారం నా దగ్గరే ఉంది గాబట్టి బతికిపోయాను, పర్సులో నాలుగు మడతలు పెట్టుకుని తిరిగాను. అంత తెలివైన పని ఏ సిస్టంలోనూ ఎక్కలేదు, ఒక కాగితం వెనక వైపున ఉంది. ఇది నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

డబ్బులు అడిగారా అని ప్రతివాళ్లూ అడుగుతున్నారు, అందుకే విడిగా రాస్తున్నా. సచివాలయంలో ఈ ఇద్దరిలో ఒక్కరూ అడగలేదు. అతనికి పొద్దున సైటుకి వచ్చినప్పుడు ఇడ్లీ తెప్పిస్తే తిన్నాడు, దానికే మొహమాటపడ్డాడు. అడిగింది ఒక జిరాక్స్ షాపులో కూర్చునే మధ్యవర్తి, "పైన అందరికీ నేను చూసుకుంటా" అని. ఎవరి పేరూ చెప్పడు, అందరి పేరు మీదా అడుగుతాడు. అట్లాంటివాళ్లకి ఇచ్చి తర్వాత ఆఫీసుని తిట్టేవాళ్లు నాకు తెలిసి చాలామంది. అందరు ప్లానింగ్ సెక్రటరీలూ ఇట్లాగే ఉంటారని నేను సర్టిఫికెట్ ఇవ్వడం లేదు, నేను చూసింది ఇద్దర్ని.

ఎల్‌టీపీ ఆఫీసుకి విడిగా రివ్యూ రాయాలా వద్దా అని ఆలోచిస్తున్నా. కొత్త కొలతలతో ప్లాను మార్చడానికి రెండోసారి ఫీజు అడిగారు, మీరు వీధి చూడకుండా గీసిన దానికి నేనెందుకు కట్టాలని గట్టిగా అడిగితే సగం చేశారు. కాఫీ బాగుంది.

ప్రకాశం వైపు నుంచి ఒకరిద్దరు మిత్రులు అడిగారు, ఒంగోలులో కూడా ఇదేనా అని. పోస్టు రాష్ట్రమంతా ఒకటే, పట్టణం అయితే చాలు.  కానీ పంచాయతీలో ఇల్లు కట్టేవాళ్లు ఈ పోస్టు కోసం వెతక్కండి, గ్రామ సచివాలయంలో ప్లానింగ్ సెక్రటరీ ఉండరు, ఇంజనీరింగ్ అసిస్టెంట్ ఉంటారు, పైన నెల్లూరు వైపు అయితే నుడా అనే నెల్లూరు అర్బన్ డెవలప్‌మెంట్ అథారిటీ, ఒంగోలు వైపు అయితే ఒంగోలు అర్బన్ డెవలప్‌మెంట్ అథారిటీ, ఆ దారి వేరే.

వెళ్లేటప్పుడు ప్లాను తీసుకెళ్లకండి, ఇది నా సలహా. డాక్యుమెంటు, లింకు డాక్యుమెంట్లు, ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్), ఖాళీ స్థలం పన్ను రసీదు తీసుకెళ్లండి, సైటు ఎక్కడో చెప్పండి, వీధి కొలవమనండి. ప్లాను గీయించిన తర్వాత వెళ్తే అతను చెప్పే ప్రతి మాటా మనకి అడ్డు చెప్పినట్టే వినపడుతుంది. గీయించక ముందు వెళ్తే అదే మాట సలహా లాగా వినపడుతుంది. నాకు అదృష్టం కొద్దీ మధ్యలో తగిలింది. స్థలం కొనేముందు వెళ్తే ఇంకా మేలు, మా నాన్న కాలంలో ఈ పోస్టు లేదు.

మార్కులు. తెలివికి ఐదుకి ఐదు, అది ఆ కుర్రాడిది. దొరకడానికి రెండు. ముందే ఖర్చంతా చెప్పడానికి రెండున్నర. మర్యాదకి ఐదు, ముఖ్యంగా అమ్మతో. మనిషి మారితే పని కొనసాగడానికి మూడు, ఆ అమ్మాయి త్వరగా పట్టుకుంది గాబట్టి. లెక్కల మాస్టారిని గాబట్టి సగటు కట్టాను, మూడున్నర వచ్చింది, తగ్గించలేదు, పెంచలేదు.

ఇల్లు అయిపోవచ్చింది. ఇంకుడు గుంత తవ్వితే ఓసీకి, అంటే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్‌కి, పెట్టాలి. ప్రహరీ ఆరు అడుగులు లోపలికే కట్టాం, బయట రోడ్డుకి వదిలిన ఆ రెండున్నర అంకణాల్లో అమ్మ కరివేపాకు, రెండు బంతి వరసలు, ఒక మల్లె తీగె పెట్టింది. మొన్న కొత్త సెక్రటరీ ఫోటోలకి వచ్చి "అమ్మా, ఇది రోడ్డు స్థలం కదా" అంది. "రోడ్డు వచ్చినప్పుడు పీకేస్తాలేమ్మా, అందాక కరివేపాకు కావాలంటే కోసుకుపో" అంది అమ్మ. ఆ అమ్మాయి ఫోటో తీసుకుని, రెండు రెమ్మలు కోసుకుని వెళ్లింది.